కొవ్వూరు దాటిన తరువాత

అధ్యక్షులకు, సభకు విచ్చేసిన పెద్దలకు నమస్కారం. మన ఊరి చరిత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఆ చరిత్రలో నేను ఒక్క విషయానికే పరిమితమవుతాను: కొవ్వూరు దాటిన రైలు గోదావరి మీదుగా రాజమండ్రి చేరుకునే ఆ కొద్ది నిమిషాలు.

కృష్ణ దాటుతూ ఇంద్రకీలాద్రిని చూస్తూ బెజవాడ చేరడం, సొరంగాలలోంచి వెలుగులోకి వచ్చి బొర్రా గుహల స్టేషనులో ఆగడం, సముద్రం మీదుగా రామేశ్వరంలో అడుగుపెట్టడం గొప్ప అనుభవాలే. అయినా దాదాపు మూడు కిలోమీటర్ల నది మీదుగా ఒక ఊళ్లోకి ప్రవేశించే భాగ్యం వేరు. వరదల కాలంలో లంకలను ముంచెత్తుతూ పారే ఎర్రనీటిని, వేసవిలో ఇసుక తిన్నెల మధ్య పాయలుగా చీలిన అదే నదిని కిటికీలోంచి చూసినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

1900కు ముందు ఇక్కడ ప్రయాణికులు రైలు దిగి, నది దాటి, ఆవలి ఒడ్డున మళ్లీ రైలెక్కేవారు. 1897లో పని మొదలై 1900లో పూర్తయిన హేవలాక్ వంతెన 56 స్పాన్లతో ఆ ప్రయాసను తీర్చింది. 1974లో కింద రైలు, పైన రోడ్డు ఉన్న వంతెన వచ్చింది. 1997లో కాంక్రీటు విల్లుల వంతెన వచ్చాక హేవలాక్ మీద రైళ్లు ఆగిపోయాయి.

ఇక్కడ మా అమ్మగారి సంగతి చెప్పక తప్పదు. కొవ్వూరు రాగానే ఆవిడ కొంగుముడి విప్పి, ఒక నాణెం నా చేతిలో పెట్టి, "గట్టిగా విసరరా, ఇనుముకు తగిలితే తల్లికి చేరదు" అనేవారు. నేను ఊచల మధ్యనుంచి చేయి చాపి విసిరేవాణ్ణి. ఒక్కోసారి అది గర్డరుకు తగిలి ఠంగుమని మోగేది. అమ్మ మారు మాట్లాడకుండా ఇంకొకటి తీసి ఇచ్చేవారు. పెట్టెలో సగంమంది లేచి నిలబడి నదికి దండం పెట్టుకునేవారు. అవతలి సగంమంది బెడ్డింగులు కట్టుకునే హడావిడిలో ఉన్నా, ఒకసారైనా కిటికీవైపు తిరిగేవారు.

ఆ నదిలోకే ఇవాళ వాడిన పూలదండలను ప్లాస్టిక్ సంచీతో సహా విసురుతున్నాం. అయ్యా, అమ్మా, ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరినీ చేతులు జోడించి అడుగుతున్నాను: ఆ సంచీని ఇంటికి తీసుకుపోండి, పూలను మొక్కల మొదట్లో వేయండి, మీ పక్క సీటులో ఉన్నవారికి కూడా ఆ మాట చెప్పండి.

రెండవ కోరిక హేవలాక్ వంతెన గురించి. విల్లుల వంతెన మీద వెళ్లే రైలులోంచి చూస్తే పక్కనే దాని స్తంభాలు ఇప్పటికీ నీటిలో నిలిచి కనబడతాయి. దాదాపు వందేళ్లు రైళ్లను మోసిన ఆ కట్టడాన్ని తుప్పుకు వదిలేయడం నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు. భద్రమైన మేరకైనా దానిమీద నడకదారి వేస్తే, మన పిల్లలు నది నడిమధ్య నిలబడి, తమ ఊళ్లోకి వస్తున్న రైలును చూడగలుగుతారు. ఈ మేరకు రాసిన వినతిపత్రం ద్వారం దగ్గరి బల్ల మీద ఉంది. దయచేసి చదివి, సమ్మతమైతే సంతకం చేసి వెళ్లండి.