పండక్కి ఊరెళ్తున్నారా? పక్కింటికి చెప్పి వెళ్లండి

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడుతోంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం లాంటి చోట్ల వీధికి నాలుగైదు ఇళ్లకైనా తాళాలు పడే రోజులివి. మనం బస్టాండులో సీటు కోసం తోసుకుంటున్న వేళకి, ఏ ఇల్లు ఖాళీగా ఉందో చూసుకుంటూ మన వీధిలో ఎవరో ఒకరు తిరుగుతూ ఉండొచ్చు. ఖాళీ ఇంటిని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. ధనుర్మాసంలో తెల్లారేసరికి ప్రతి వాకిట్లోనూ ముగ్గు ఉంటుంది. ఒక్క గేటు ముందు మాత్రం నీళ్లు కూడా చల్లి ఉండవు. గేటు లోపల రెండు రోజుల పేపర్లు, సంచిలో పాల ప్యాకెట్లు, పట్టపగలు వెలుగుతున్న వరండా లైటు. ఇంకేం కావాలి?

అందుకే ఊరెళ్లేముందు పక్కింటావిడతో ఒక్క మాట చెప్పండి. “అక్కా, మేం వచ్చేదాకా మా వాకిట్లో కూడా రెండు గీతలు గీసి పెట్టవా?” అంటే కాదనేవాళ్లు ఉండరు. పేపరు తీసి లోపల పడేయడం, సాయంత్రం లైటు వేయడం, పొద్దున ఆర్పడం కూడా వాళ్లకి అప్పజెప్పండి. బంగారం మాత్రం బ్యాంకు లాకర్లోనే ఉండాలి.

ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌లో చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో తాళం వేసిన ఇళ్ల కోసమే ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, అనే పోలీసుల ఏర్పాటు ఉంది. యాప్‌లో వివరాలు నమోదు చేసి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉండరో తెలిపితే, సిబ్బంది వచ్చి ఇంట్లో కెమెరా అమరుస్తారు. డబ్బేమీ కట్టక్కర్లేదు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కి తెలిసిపోతుంది. తెలంగాణలోనూ ఊరెళ్తున్నామని స్టేషన్‌లో చెబితే రాత్రి గస్తీ వాళ్లు ఆ ఇంటి మీద ఓ కన్నేస్తారు. పోలీసుల ‘నేను సైతం’ కార్యక్రమం కింద కాలనీల వాళ్లు తలా కొంత వేసుకుని కెమెరాలు పెట్టించుకున్నారు. మంచి పని. కానీ పెట్టించాక అవి రికార్డు చేస్తున్నాయో లేదో నెలకోసారైనా చూడండి. దొంగతనం జరిగాక చూస్తే ఏం లాభం?

ఎంత చేసినా, ఫలానా మనిషి ఈ వీధి వాడు కాదని, ఫలానా బండి మూడో రోజు కూడా అక్కడే ఆగి ఉందని కనిపెట్టగలిగేది ఆ వీధి వాళ్లే. కొత్తగా బదిలీ మీద వచ్చిన కానిస్టేబుల్‌కి అది ఎలా తెలుస్తుంది? అనుమానం వస్తే 112కి ఫోన్ చేయండి. మన పని అంతవరకే.

ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు నమ్మి, మన తెలుగు నేల మీదే జనం అమాయకుల్ని కొట్టి చంపారు. చనిపోయిన వాళ్లలో అడుక్కుని బతికేవాళ్లు కూడా ఉన్నారు. అదే సమయంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో పోలీసును కేటాయించారు. వాళ్లు ఊళ్లలో తిరిగి, జనంతో కూర్చుని మాట్లాడారు. డప్పు కొట్టి, పాటలు కట్టి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఆ పల్లెల్లో జనం కొత్త మనిషి కనబడితే తమకు తెలిసిన పోలీసుకి ఫోన్ చేశారు. ప్రాణాలు దక్కాయి.

కళ్లెదుట తీవ్రమైన నేరం చేస్తున్నవాణ్ణి పట్టుకునే హక్కు చట్టం మనకూ ఇచ్చింది. కానీ ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ 6 గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. చెట్టుకి కట్టేసి కొట్టే హక్కు ఎవరికీ లేదు.

మీ వీధికి వచ్చే బీట్ కానిస్టేబుల్ పేరేమిటి? ఫోన్ నంబరెంత? తెలియకపోతే ఈ సాయంత్రమే స్టేషన్‌కి వెళ్లి అడగండి, చెబుతారు. పనిలో పనిగా మీ ప్రయాణం తేదీలు, మీ పక్కింటివాళ్ల నంబరు అక్కడ రాయించి రండి.

నమస్కారం.