ఊహా ద్వీపదేశానికి సాంస్కృతిక విధానం రాద్దాం: 'ఎవరిది' అనే కాలమ్

నమస్తే అండి. పోయిన వీడియోలో మ్యాప్ గీశాం కదా, ఇదిగో, ఇదే మన నురుగుదీవి. ఒక పెద్ద దీవి, పక్కన రెండు చిన్నవి. జనాభా 80 వేలు అనుకున్నాం, స్వాతంత్ర్యం 1979లో వచ్చిందనుకున్నాం. జెండా అయిపోయింది, రాజ్యాంగం కూడా ఓ పది పేజీలు రాసేశాం. ఇవాళ సాంస్కృతిక విధానం.

ఇక్కడికి రాగానే చాలామంది జాతీయ పక్షి, జాతీయ పువ్వు, జాతీయ నృత్యం రాసేసి, విధానం అయిపోయిందనుకుంటారు. అవి చిహ్నాలండి. విధానం వేరు. ప్రభుత్వం దేనికి డబ్బు పెడుతుంది, దేని జోలికి పోదు, ఎవరిని అడిగి చేస్తుంది. ఈ మూడింటికీ జవాబు ఉండాలి. మూడోది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దాని దగ్గరికి.

సరే. ముందు డాక్యుమెంట్ తెరవొద్దు. స్ప్రెడ్‌షీట్ తెరవండి. నేను ఎప్పుడూ షీట్‌తోనే మొదలుపెడతాను, ఎందుకంటే డాక్యుమెంట్‌లో 'ఘనమైన వారసత్వం' అని రాసేసి ముందుకెళ్లిపోవచ్చు. షీట్‌లో అలా కుదరదు, ఖాళీ గడి ఖాళీగానే కనిపిస్తుంది.

కాలమ్స్ చూడండి. పేరు, ఏ దీవి, ఏ భాష, రకం, ఎంతమందికి వచ్చు, ఎవరిది, ఎవరు చూడొచ్చు. పై వరుస ఫ్రీజ్ చేసేయండి. ఇదిగో, అయిపోయింది.

'రకం' దగ్గర డ్రాప్‌డౌన్ పెట్టాను. ఇందులో ఉన్నవి నేను కల్పించినవి కావు, పాటలు, ఆచారాలు లాంటి చేతికందని వారసత్వాన్ని కాపాడడానికి ఐక్యరాజ్యసమితి సంస్థ యునెస్కో చేసిన 2003 ఒప్పందంలో ఉన్న ఐదు విభాగాలు. నోటి సాహిత్యం, అందులోనే భాష కూడా. ప్రదర్శన కళలు. ఆచారాలు, పండుగలు. ప్రకృతి గురించిన జ్ఞానం. చేతిపనులు. ఆ నాలుగోది చూడండి, అక్కడే చాలామంది ఆగిపోతారు. అల రంగు చూసి చేప ఎక్కడుందో చెప్పడం సంస్కృతి కిందికి వస్తుందా అని. వస్తుందండి. 1982లో మెక్సికో సిటీలో యునెస్కో సమావేశంలో చాలా దేశాలు కూర్చుని, సంస్కృతి అంటే కళలూ సాహిత్యమూ మాత్రమే కాదు, బతికే తీరు, నమ్మకాలు, విలువలు అన్నీ అని ఒప్పుకున్నాయి. ద్వీపదేశానికైతే సముద్రజ్ఞానం లేకుండా విధానమే లేదు.

నా దగ్గర 31 వరుసలు ఉన్నాయి. పాత ఫైల్ నుంచి తెచ్చుకుంటుంటే మాత్రం కంట్రోల్ వి కొట్టకండి, కంట్రోల్ షిఫ్ట్ వి కొట్టండి. ఫార్మాటింగ్ రాకుండా పాఠం మాత్రమే వస్తుంది. నేను రోజుకి వంద సార్లు వాడతాను దీన్ని.

భాషలు. మనకి మూడున్నాయి: ఉత్తరపు మాట, కొండమాట, రేవులో అందరూ కలిసి మాట్లాడే రేవుమాట. పాలించి వెళ్లినవాళ్ల భాష నాలుగోది, ఆఫీసుల్లో ఉంది. ఇక్కడ 'అధికార భాష' అని ఒకే గడి పెట్టకండి. పసిఫిక్‌లోని ద్వీపదేశం వనువాటుని చూడండి. 1980లో స్వాతంత్ర్యం వచ్చింది, వందకి పైగా స్థానిక భాషలున్నాయి. బిస్లామా జాతీయ భాష. తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల మధ్య పెరిగిన భాష అది. అధికార భాషలు మూడు: బిస్లామా, ఇంగ్లీషు, ఫ్రెంచి. చదువుకి మాత్రం ఇంగ్లీషు, ఫ్రెంచి అని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అంటే జాతీయ భాష వేరు, అధికార భాష వేరు, బడి భాష వేరు. మూడు గడులు. మీ దేశంలో ఒకటో తరగతి పిల్ల ఏ భాషలో మొదటి అక్షరం దిద్దుతుందో అది మూడో గడిలో ఉంటుంది. అది ఖాళీగా వదిలేస్తే మిగతా రెండూ ఎంత బాగా రాసినా ఉపయోగం లేదు.

కొత్త మాటల సంగతి కూడా ఒక లైన్ రాయండి. ఐస్‌లాండ్ వాళ్లు కంప్యూటర్‌ని 'తోల్వా' అంటారు. సంఖ్య అనే మాటనీ, జోస్యం చెప్పే స్త్రీ అనే పాత మాటనీ కలిపి చేసుకున్నారు. నాకు చాలా ఇష్టం ఆ మాట.

సెలవులు. ఇది త్వరగా అయిపోతుంది. ఎవరి పండుగకి దేశం మొత్తం ఆగుతుంది, అంతే ప్రశ్న. మారిషస్ జాబితా ఒకసారి చూడండి: ఉగాది ఉంది, చైనా కొత్త సంవత్సరం ఉంది, రంజాన్, క్రిస్మస్ ఉన్నాయి. బానిసత్వం రద్దయిన రోజు ఫిబ్రవరి 1, ఒప్పంద కూలీలు వచ్చిన రోజు నవంబర్ 2, ఆ రెండూ కూడా సెలవులే. పండుగలతో పాటు బాధని కూడా క్యాలెండర్‌లో పెట్టుకున్నారు. మనకీ అలాంటి రోజు ఒకటి కావాలి, ఇక్కడ ఒక వరుస చేర్చాను.

డబ్బు. మంత్రి నేరుగా పంచుతాడా, మధ్యలో ఒక మండలి ఉంటుందా? బ్రిటన్ 1946లో ఆర్ట్స్ కౌన్సిల్ పెట్టింది, డబ్బు ప్రభుత్వానిది, ఎవరికివ్వాలో కౌన్సిల్ చూసుకుంటుంది. ఫ్రాన్స్ 1959లో ఏకంగా మంత్రిత్వ శాఖే పెట్టుకుంది. 80 వేల మంది ఉన్న చోట ఎవరో ఒకరు ఎవరో ఒకరికి బంధువే అవుతారు, కాబట్టి నేను మండలి పెట్టి, సభ్యుల్ని మూడు దీవుల నుంచీ తీసుకున్నాను. రాసేశాను, చూడండి, నాలుగు లైన్లు.

ఇప్పుడు అసలు చోటు, మొదట్లో గుర్తుపెట్టుకోమన్న మూడో ప్రశ్న, ఎవరిని అడిగి చేస్తుంది అనేది. 'ఎవరిది' అనే కాలమ్. ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే నేను మొదటిసారి ఇక్కడే తప్పు చేశాను.

పద్నాలుగో వరుస చూడండి. 'పడవ దించే పాట'. కొత్త పడవని మొదటిసారి నీళ్లలోకి తోసేటప్పుడు పాడతారు. ఉత్తరపు మాట. ఎంతమందికి వచ్చు అంటే, ఆరుగురికి. నేను అప్పుడు 'ఎవరిది' దగ్గర 'ప్రజలందరిది' అని కొట్టాను. 'ఎవరు చూడొచ్చు' దగ్గర 'అందరూ'. ఆ తర్వాత కిందికి లాగాను. ఇదిగో, ఇలా, ఈ చిన్న చతురస్రం పట్టుకుని కిందికి లాగి, మళ్లీ పైకీ లాగితే 31 వరుసలూ నిండిపోయాయి. ప్రజలందరిది, ప్రజలందరిది, ప్రజలందరిది. అన్నీ రికార్డు చేసి, జాతీయ ఆర్కైవ్‌లో పెట్టి, ఉచితంగా అందరికీ. నాకు అది చాలా మంచి పని అనిపించింది.

తర్వాత డ్రాఫ్ట్ ఒక స్నేహితురాలికి చదివి వినిపించాను. ఆమె ఒక్కటే అడిగింది: 'ఆరుగురికే వచ్చంటున్నావు, అందరిది ఎలా అయింది?' అని. నేను ఆ గడినే చూస్తూ ఉండిపోయాను. ఆ ఆరుగురూ పడవలు కట్టే ఒకే ఇంటివాళ్లని పక్క కాలమ్‌లో నేనే రాసుకున్నాను. ఆ పాట వాళ్ల పని. వాళ్లు పాడితేనే పడవ నీళ్లలోకి దిగుతుంది. దాన్ని నేను ఆ ఇంటి గడప కూడా తొక్కకుండా అందరికీ పంచేశాను.

వనువాటు కల్చరల్ సెంటర్ వాళ్ల రాజధాని పోర్ట్ విలాలో ఉంది, బిస్లామాలో కల్జోరల్ సెంటా. అక్కడ ఒక గది ఉంది, తబు రూమ్ అంటారు, అంటే అందరికీ ప్రవేశం లేని గది. పల్లెల వాళ్లు ఇచ్చిన రికార్డింగులు అందులో ఉంటాయి. ఎవరు వినొచ్చో, ఎవరు వినకూడదో ఇచ్చినవాళ్లే చెబుతారు. భద్రపరచడం వేరు, బయటపెట్టడం వేరు. ఆ రికార్డింగులు చేసేది కూడా చాలావరకు ఆయా ఊళ్లవాళ్లే, ఫీల్డ్‌వర్కర్లు, జీతం లేకుండా చేస్తారు. 1985 నుంచి 1994 దాకా అయితే సంస్కృతి మీద పరిశోధనకి బయటివాళ్లని రానివ్వడమే ఆపేశారు. 2003 ఒప్పందం కూడా అదే అంటుంది, ఏది తమ వారసత్వమో గుర్తించాల్సింది ఆ సముదాయమే అని.

కాబట్టి లాగి నింపకండి. ఈ కాలమ్‌ని మాత్రం లాగి నింపకండి. ఒక్కో గడి టైప్ చేయండి. కష్టమే, ఒక సాయంత్రం పడుతుంది. 'ప్రజలందరిది' అని కొట్టేముందు, ఎంతమందికి వచ్చో ఎడమ పక్క చూడండి. పదికి తక్కువుంటే ఆగండి.

మార్చేస్తున్నాను. ఎవరిది: పడవలు కట్టే ఇంటివాళ్లది. ఎవరు చూడొచ్చు: వాళ్లు ఒప్పుకున్నవాళ్లు. మిగతా వరుసలు కూడా ఇలాగే ఒక్కొక్కటీ చూసి సరిచేశాను. ఇప్పుడు ఎక్సెల్‌లో అయితే కంట్రోల్ షిఫ్ట్ ఎల్, ఫిల్టర్ వచ్చింది, 'అందరూ' టిక్ తీసేయండి. తొమ్మిది వరుసలు మిగిలాయి. ఈ తొమ్మిదింటి కోసమే విధానంలో ఆరో సెక్షన్. చదువుతాను: 'రాజ్యం భద్రపరుస్తుంది. తెరవాలంటే అడుగుతుంది. ఇచ్చినవారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.' మూడు వాక్యాలు. నాకు ఈ మొత్తం డాక్యుమెంట్‌లో ఇవే కావాలి.

ఇంకొక్క సెక్షన్ ఉంది, బయటికెళ్లినవి తిరిగి రప్పించుకోవడం. 1971 ఏప్రిల్ 21న డెన్మార్క్ నుంచి ఐస్‌లాండ్ పాత చేతిరాత ప్రతులు ఓడలో తిరిగి వస్తే, వాళ్ల రాజధాని రేక్యావిక్ రేవు నిండా జనం. మన దీవివి ఏ మ్యూజియంలలో ఉన్నాయో రెండో షీట్‌లో పెట్టాను, అక్కడా అవే కాలమ్స్.

కంట్రోల్ ఎస్. ఫైల్ లింక్ కింద ఇచ్చాను. అందులో పద్నాలుగో వరుసలో చివరి రెండు గడులూ ఖాళీగా వదిలాను. మీ దీవిలో ఆ పాట ఎవరిదో మీరు రాయండి.