గోడ బయట రెండు తెల్ల పైపులు

అందరికీ నమస్కారం. మిన్నెసోటా చలి మొదలవబోతోంది. ఈ ఏడాది కొత్తగా ఇల్లు కొనుక్కున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్‌కు ఫిల్టర్ మార్చే ఉంటారు. దాని నుంచి పక్కగోడలోంచి బయటికొచ్చిన రెండు తెల్ల పీవీసీ పైపుల్ని ఎప్పుడైనా ఆగి చూశారా?

ఒకటి మంటకు గాలి పీల్చేది, ఇంకోటి కాలిన పొగ వదిలేది. పాత ఫర్నేస్‌ పొగ మహా వేడి, చిమ్నీలోంచి తనే పైకి పోయేది. ఇప్పుడొచ్చే 90 శాతం పైబడిన సామర్థ్యం గలవి వేడినంతా ఇంట్లోకే పిండేస్తాయి. అందుకే పొగ చల్లబడి, తడితడిగా గోడ దగ్గరే తచ్చాడుతుంది.

పక్క పైపు దాన్నే మళ్లీ పీల్చిందనుకోండి. మంటకు ఆక్సిజన్ చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు. మన ఊళ్లలో బాత్‌రూమ్‌ గ్యాస్ గీజర్లు ప్రాణాలు తీసేది దీనితోనే. పైపు పూడుకుపోతే, గాలి ఒత్తిడిని కనిపెట్టే ప్రెషర్ స్విచ్ ఫర్నేస్‌ను ఆపేస్తుంది. పొగ తిరిగి లోపలికొస్తున్న సంగతి మాత్రం ఆ స్విచ్‌కి తెలియదు. అందుకని పీల్చే పైపు మూతి నేలవైపు తిరిగి ఉండాలి, వదిలే పైపు దానికన్నా ఎత్తులో, ఇంకాస్త బయటికి ఉండాలి. మామూలుగా రెండూ ఒకే గోడకు పెడతారు. వేర్వేరు వైపులైతే గాలి వీచినప్పుడు ఒత్తిడి తేడా వచ్చేస్తుంది.

ఇక ఎత్తు. నేల నుంచి 12 అంగుళాలంటే ఇక్కడ చాలదు. మంచు ఎంత పేరుకుంటుందో, దాని పైనుంచి 12 అంగుళాలు లెక్కపెట్టాలి. ఇది నాకు మొదటి చలికాలంలో తెలిసొచ్చింది. రాత్రి రెండింటికి మెలకువొచ్చేసరికి ఇల్లంతా చల్లబడిపోయింది, పిల్లలిద్దరూ ఒకే దుప్పట్లో ముడుచుకున్నారు. ఫర్నేస్ వెలగబోయి ఆగిపోతోంది. టార్చి పట్టుకుని బయటికెళ్తే, సాయంత్రం నేను స్నో బ్లోవర్‌తో తోసిన మంచు కిందే పైపులు. చేతులతో తవ్వాను. పీల్చే పైపు మూతికి గాజుపెంకులా మంచు కట్టి ఉంది. ఆ వేసవిలోనే పైపులు ఎత్తు పెంచించాం.

డెక్ కింద, కిటికీ పక్కన పొగ పైపు ఉంటే తప్పకుండా చూపించుకోండి. డ్రయ్యర్ గొట్టం దగ్గర పీల్చే పైపు ఉండకూడదు. బట్టల పీచు పట్టేస్తుంది, బ్లీచ్ ఆవిరి ఫర్నేస్ లోపలి లోహాన్ని తినేస్తుంది. కిటికీకి ఎంత దూరమన్నది ఫర్నేస్ సైజును బట్టి మారుతుంది, దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

పైపుల ఫొటోలు తెచ్చినవాళ్లు టీ టైములో నా దగ్గరికి రండి, ఒక్కొక్కటీ కూర్చుని చూద్దాం.