మ్యాగీ పట్టు

అందరికీ నమస్కారం. పనులు మానుకోని కావలి దాకా వచ్చిన అమ్మలకి, నాన్నలకి, ముందు వరసలో కింద కూర్చోనుండే మా పిల్లకాయలకి కూడా. నేను పీఈటీగా చేసి రిటైరయ్యాను, ఈ రోజు ఒక రగ్బీ ప్లేయర్ గురించి చెప్తాను, ఎందుకు చెప్తున్నానో మీకే తెలుస్తది.

రగ్బీ మనకి కొత్త గదా. కోడిగుడ్డు ఆకారంలో బాల్, టీమ్‌కి 15 మంది, 80 నిమిషాల ఆట, బాల్‌ని చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇయ్యాల, మనిషి మాత్రం ముందుకే ఉరకాల. ఎదుటోళ్ళు పట్టి పడేస్తారు, అదే టాకిల్. మన కబడ్డీలో రైడర్‌ని తొడ పట్టి ఆపుతామే, దానికి దగ్గరే, కాకపోతే ఈడ ఎదుటి మనిషి ఫుల్ స్పీడ్‌లో మీదకొస్తా ఉంటది, భుజాల పైన పడితే ఫౌలు.

ఆ పట్టులో పేరు తెచ్చుకున్న ఇంగ్లాండ్ మనిషి మ్యాగీ అల్ఫోన్సీ. 1983లో లండన్‌లో పుట్టింది, నైజీరియా మూలాలున్న కుటుంబం, తల్లి ఒక్కతే పెంచింది. పుట్టడమే ఒక పాదం వంకరగా పుట్టింది, క్లబ్‌ఫుట్ అంటారు. మన ఊర్లలో అయితే ఆ బిడ్డని ఏమని పిలుస్తారో నేను చెప్పబళ్ళేదు, మీకు తెలుసు. స్కూల్లో పీఈ టీచర్ లీజా బర్జెస్, వేల్స్‌కి కెప్టెన్‌గా ఆడినామె, ఈ పిల్లలోని బలాన్ని చూసి రగ్బీలో పెట్టింది. టీచర్‌గా బతికినదాన్ని, నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

2003లో ఇంగ్లాండ్ జెర్సీ వేసుకుంది, మొత్తం 74 మ్యాచ్‌లు, 28 ట్రైలు. ట్రై అంటే బాల్‌ని ఎదుటోళ్ళ గీత దాటించి నేలకి ఆనించి పాయింట్లు తేవడం. ఆమెది ఫ్లాంకర్ పొజిషన్, అంటే బాల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మీదకి అందరికన్నా ముందు పోవాల, పట్టాల, పడాల, మళ్ళీ లేవాల. 2010 వరల్డ్ కప్ ఫైనల్ సొంత ఊరు లండన్‌లోనే, న్యూజిలాండ్ మీద 13-10తో ఓడిపోయారు, మూడంటే మూడు పాయింట్లు. అప్పటికే 26 ఏళ్ళు, మనకాడైతే పెళ్ళి కాలేదేందని ఊరంతా అడిగే వయసు. ఆమె ఇంకో నాలుగేళ్ళు ఆడింది. 2014లో పారిస్‌లో కెనడాని 21-9తో కొట్టి కప్పు ఎత్తింది. తర్వాత ఏడాది మగవాళ్ళ వరల్డ్ కప్‌కి టీవీలో కామెంటరీ చెప్పింది.

మన దేశం ఆడపిల్లలు 15 మంది ఆటలో మొదటి ఇంటర్నేషనల్ ఆడింది 2018లోనే, మరుసటి ఏడే మనీలాలో సింగపూర్‌ని 21-19తో గెలిచారు. ఆ టీమ్‌లో ఒడిశా, బీహార్ పల్లెల పిల్లలు ఉన్నారు, ఒడిశా అయితే మన పక్క రాష్ట్రమే గదా.

నా సర్వీసులో ఒక పిల్ల, పేరు చెప్పను, అది పట్టిందంటే రైడర్ కదిలేది కాదు. టెన్త్ అవగానే ఇంట్లోవాళ్ళు ఆట మాన్పించారు, నేను వాళ్ళింటికి ఒక్కసారే పోయాను, రెండోసారి పోలేదు, పోయుండాల్సింది, ఇప్పటికీ ఆ మాట నన్ను తినేస్తా ఉంటది.

అందుకే అమ్మా, మిమ్మల్ని అడిగేది ఒకటే, ఈ సోమవారం నించి సాయంత్రం ఐదింటికి పిల్లల్ని ఈ గ్రౌండ్‌కి పంపండి. బూట్లు లేకపోయినా పర్లేదు, బాల్ నేను తెస్తాను, చీకటి పడకముందే ఒక్కొక్కరినీ ఇంటికాడ దిగబెట్టే బాధ్యత నాది. ఎవరన్నా రాకపోతే ఈసారి మీ ఇంటికి నేనే వస్తాను, రెండోసారి కూడా వస్తాను.