పైపు కాలవ దాటే చోటు: పాత గుంటూరు సందుల్లో తాగునీటి మ్యాపు గీయడం ఎలా

[దృశ్యం: తెల్లవారుజాము. సన్నటి సందు. సైడు కాలవ మీద బండ ఒకటి పక్కకి జరిపి ఉంది. కెమెరా కిందికి దిగుతుంది. మురుగులో సగం మునిగిన అరంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు. జాయింటు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, తీగతో బిగించారు.]

వాయిస్: ఈ ట్యూబు ముక్కని కాస్త దగ్గరగా చూడండి. నీళ్లు వదిలినంతసేపూ ఇక్కణ్ణుంచి సన్నగా బయటికి చిమ్ముతాయి. సరఫరా ఆగాక అదే కంతలోంచి మురుగు లోపలికి పోతుంది. వాల్వు కట్టేయగానే పైపులో ప్రెషర్ పడిపోతుంది. పల్లంలో ఉన్న ఇంట్లో కుళాయి తెరిచి ఉంటే మిగిలిన నీళ్లు అటు జారిపోతాయి, వెనకాల పైపు పీల్చడం మొదలుపెడుతుంది. ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించుకుంటే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. మర్నాడు మొదటి బిందె నీళ్లు వాసన కొట్టేది అందుకే.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, ఆ చుట్టుపక్కల పేటల్లో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీటిలో మురుగు కలవడమే అప్పుడు బయటపడిన కారణం. తక్కెళ్లపాడు నీటిశుద్ధి కేంద్రంలో కృష్ణా నీళ్లని ఎంత శుభ్రం చేసి పంపినా, ఇంటి ముందు ఆఖరి పది అడుగుల్లో చెడిపోతే ఏం లాభం?

[తెర మీద: మ్యాపులో ట్యాంకులు, వీధి కుళాయిలు, మ్యాన్‌హోళ్లు]

వాయిస్: నీటి మ్యాపు అనగానే అందరూ ముందు గుర్తించేవి ఇవే. పైకి కనపడతాయి కాబట్టి తేలిక. జబ్బు తెచ్చే చోటు మాత్రం బండ కింద ఉంటుంది. కాబట్టి మన మ్యాపులో మొదటి పొర (లేయర్), ఇంటి కనెక్షన్ పైపు సైడు కాలవని దాటే ప్రతి చోటూ.

కావలసినవి: ఆండ్రాయిడ్ ఫోను, అందులో సందులోనే పాయింట్లు గుర్తించే క్యూఫీల్డ్ యాప్, ఆఫీసులో వాటిని మ్యాపుగా చూపించే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్. యాప్, సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితమే. ఒక టేపు, టార్చి, క్లోరిన్ చూసే కిట్. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీ (నీళ్లు, కాలవల పని చూసే ఉద్యోగి), ఆ సందుకి నీళ్లు వదిలే ఫిట్టర్ పక్కన ఉండాలి. ఏ పైపు ఏ గోడ కింద నుంచి పోతుందో ఫిట్టరుకి తెలిసినంత ఏ డ్రాయింగులోనూ ఉండదు.

[తెర మీద: ఫోనులో ఫారం]

ప్రతి చోటా నింపాల్సినవి: డోర్ నంబరు, పైపు రకం, పైపు మురుగు మట్టానికి పైన ఉందా, తాకుతోందా, మునిగిందా, జాయింటు ఉందా, నీళ్లు ఎన్నింటికి వస్తాయి, ఎన్నింటికి ఆగుతాయి, ఒక ఫొటో, తేదీ. పేట పేరు టైపు చేయనివ్వకండి, జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. లేకపోతే సంగడిగుంట నాలుగు రకాల స్పెల్లింగులతో నాలుగు పేటలైపోతుంది.

ఎక్కువగా తప్పు జరిగేది జీపీఎస్ దగ్గర. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. చోటు తేలిగ్గా దొరికిపోతుంది. పాత గుంటూరు సందులు అలా కావు. రెండు పక్కలా మేడలుంటే ఫోను పది, పదిహేను మీటర్లు తప్పు చూపిస్తుంది, పాయింటు పక్క సందులో పడుతుంది. ఆక్యురసీ 5 మీటర్ల లోపుకి వచ్చేదాకా ఆగండి. రాకపోతే శాటిలైట్ బొమ్మ మీద ఇంటి కప్పు చూసి చేత్తో పెట్టండి. అక్షాంశం 16.3, రేఖాంశం 80.4 దగ్గర ఉండాలి. రెండూ తారుమారైతే మీ కుళాయి ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రంలో తేలుతుంది. దశాంశం తరవాత అయిదు అంకెలు ఉంచండి. అయిదో అంకె విలువ సుమారు ఒక మీటరు, నాలుగో అంకె దగ్గరే ఆపేస్తే పదకొండు మీటర్లు.

ఫోను చూపించే ఎత్తుని నమ్మి కాలవ వాలు లెక్కగట్టకండి. దానికి ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మిషను పట్టాల్సిందే.

[దృశ్యం: చిన్న గాజు గొట్టంలో నీళ్లు, మందు పడగానే లేత గులాబీ రంగు]

వాయిస్: రెండో పొర క్లోరిన్, అంటే క్రిములు చావడానికి నీళ్లలో కలిపేది. మురుగు కలిస్తే అది తగ్గిపోతుంది. ట్యాంకు దగ్గర, సందు మొదట్లో, చిట్టచివరి కుళాయి దగ్గర, మూడు చోట్లా చూడండి. ఆఖరి కుళాయిలో కూడా లీటరుకి 0.2 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. ఒక్కో కుళాయి దగ్గర రెండుసార్లు చూడాలి: నీళ్లు వచ్చిన వెంటనే ఒకసారి, అయిదు నిమిషాల తరవాత ఒకసారి. మొదటిసారి సున్నా వచ్చి, రెండోసారి బాగుంటే, మురుగు దగ్గర్లోనే పైపులోకి దిగుతోందని అనుమానించాలి. రెండుసార్లూ సున్నా అయితే ట్యాంకు దగ్గరి నుంచే వెతుక్కుంటూ రండి. పగలు పదింటికి వెళ్లి నిల్వ నీళ్లు చూస్తే ఇవేవీ తెలియవు. నీళ్లు వదిలే వేళకే వెళ్లాలి.

[తెర మీద: క్యూజీఐఎస్. నీలం గీతలు పైపులు, గోధుమ రంగు గీతలు కాలవలు]

ఆఫీసులో పైపు గీత, కాలవ గీత ఖండించుకునే చోట్లని క్యూజీఐఎస్ తనే పట్టిస్తుంది. మెయిన్ పైపుకి, మురుగు లైనుకి మధ్య అడ్డంగా 3 మీటర్ల ఎడం ఉండాలి కాబట్టి 3 మీటర్ల బఫర్, అంటే గీత చుట్టూ అంత వెడల్పు పట్టీ, కూడా వేయండి. అంతకంటే ముందు ప్రొజెక్షన్‌ని, అంటే మ్యాపు కొలతల పద్ధతిని, డిగ్రీల నుంచి మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తరానికి (44N) మార్చండి. మార్చకుండా 3 అని కొడితే అది 3 డిగ్రీలు, అంటే 300 కిలోమీటర్ల పైమాట. తెర మొత్తం ఒకే రంగు అయిపోతుంది.

పైపు మునిగి, జాయింటు ఉండి, క్లోరిన్ సున్నా అయిన చోటు ఎరుపు. పని అక్కణ్ణుంచే మొదలవ్వాలి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు కాలవలోకి వదిలిన ఇళ్లు, పబ్లిక్ మరుగుదొడ్లలో నీళ్లు, లైటు, గడియ ఉన్నాయో లేదో, ఇవన్నీ తరవాతి పొరలు.

విరేచనాల కేసులు కూడా వేస్తే గుంపు ఎక్కడుందో తెలుస్తుంది. కానీ ఆ పొరని డోర్ నంబర్లతో బయట పెట్టకండి. ఒక ఇంటిని వేలెత్తి చూపించినట్టవుతుంది. బయటికిచ్చే మ్యాపులో సందు పేరు వరకే ఉండాలి.

[దృశ్యం: అదే సందు. పైపు ఇప్పుడు జాయింటు లేకుండా, మురుగుకి పైన, లావుపాటి గొట్టంలోంచి కాలవ దాటుతోంది.]

వాయిస్: రిపేరు అయ్యాక పాయింటుని చెరిపేయకండి. తేదీ వేసి, కొత్త ఫొటో జోడించి, రంగు మార్చండి. మర్నాడు నీళ్లు వదిలే వేళకి అదే కుళాయి దగ్గర మళ్లీ రెండుసార్లు క్లోరిన్ చూసి, వచ్చిన అంకెలు దాని పక్కనే రాయండి. వానాకాలం మొదలయ్యాక, కాలవ నిండుగా పారే రోజున, ఇంకోసారి.