మెట్రో వాటర్‌ను లెక్క అడిగేదెవరు?

(చెన్నైలోని తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఈ ఊళ్లో నీళ్ల గురించి మాట్లాడమంటే ఎవరైనా 2019 వేసవితోనే మొదలుపెడతారు. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోవడం, జూలై 12న జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్లతో రైలు రావడం, మంత్రులు దానికి ఎదురెళ్లడం మీకందరికీ గుర్తే. ఆ కథ మళ్లీ చెప్పను. కరువు వచ్చిన ఏడాది అందరి కళ్లూ నీళ్ల మీదే ఉంటాయి. వానలు బాగా పడిన ఏడాది ఈ వ్యవస్థను ఎవరు కనిపెట్టి ఉంటున్నారన్నది నా ప్రశ్న.

1978 దాకా మద్రాసులో మంచినీళ్లూ మురుగునీళ్లూ కార్పొరేషన్ పనే. ఆ ఏడాది ఒక చట్టం తెచ్చి రెండింటినీ కొత్త బోర్డుకు అప్పగించారు. మనం మెట్రో వాటర్ అంటున్నది దాన్నే. రోజువారీ పనులు చూసే మేనేజింగ్ డైరెక్టర్ ఐఏఎస్ అధికారి. బోర్డు అధ్యక్షుడు మాత్రం రాష్ట్ర పురపాలక, నీటి సరఫరా శాఖ మంత్రి. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. బోర్డును అదుపులో ఉంచవలసింది ప్రభుత్వం. ప్రభుత్వంలో ఆ శాఖ ఈ మంత్రిగారిదే. శాసనసభలో ప్రశ్న వస్తే జవాబు చెప్పేదీ ఆయనే. సంజాయిషీ ఇచ్చే కుర్చీ, పుచ్చుకునే కుర్చీ ఒక్కటే అయిపోయింది. ఏ పార్టీ గెలిచినా ఈ ఏర్పాటు మారదు. రేపు ఆ కుర్చీ తమదే కావచ్చు గనుక ప్రతిపక్షం కూడా గట్టిగా అడగదని నా అనుమానం.

దీనివల్ల లాభం లేదని అనను. వీరాణం చెరువు నుంచి 200 కిలోమీటర్లకు పైగా గొట్టాలు వేసి 2004లో నీళ్లు తెచ్చారంటే, మంత్రి మాట, పట్టుదల దాని వెనక ఉన్నాయి. గొట్టాలు వేయడానికి మంత్రి కావాలి. ఆ గొట్టాల్లో వచ్చిన నీళ్ల లెక్క చూడడానికి మాత్రం వేరే మనిషి ఉండాలి.

కరెంటు సంగతి చూడండి. రేటు పెంచాలంటే తమిళనాడు విద్యుత్ నియంత్రణ మండలి ముందు అర్జీ పెట్టాలి, బహిరంగ విచారణ జరగాలి. 2022లో కోయంబత్తూరు, మదురై, చెన్నైలలో అలాగే జరిగింది. జనం వెళ్లి అరిచారు, అయినా రేటు పెరిగింది. కానీ ఎందుకు పెంచారో కాగితం మీద ఉంది, దాన్ని తప్పు పట్టవచ్చు. నీళ్లకు అలాంటి విచారణే లేదు. బెంగళూరులో ఉన్న మన బంధువులది ఇంకో అవస్థ. అక్కడి బోర్డు 1964 నాటిది, అధ్యక్షుడు ఐఏఎస్ అధికారి. అయినా రేటు పెంచాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. 2014లో పెంచిన రేటు 2025 ఏప్రిల్ దాకా కదలలేదు. ఎన్నికల భయంతో పదేళ్లు ఆపి ఒక్కసారిగా బాదడం కంటే ఏడాదికోసారి లెక్క చూపించి అడగడమే నయం.

మరి మన వార్డు కౌన్సిలర్? కుళాయిలో నీళ్లు రాకపోతే మనం ముందు ఫోన్ చేసేది ఆయనకే. 74వ రాజ్యాంగ సవరణ నీటి సరఫరాను పురపాలక సంస్థలకు అప్పగించదగ్గ పనుల జాబితాలో చేర్చింది. చెన్నైలో 200 వార్డులున్నాయి, 2022లో ఎన్నికలూ జరిగాయి. కానీ మెట్రో వాటర్ ఆ సభకు జవాబుదారీ కాదు. కౌన్సిలర్ మన తరఫున బతిమాలగలడు, అంతే.

పైగా తాళాలన్నీ ఒకరి దగ్గర లేవు. జలాశయాల గేట్లు జలవనరుల శాఖవి. గొట్టాలు మెట్రో వాటర్‌వి. వాటిపైన రోడ్డు, పక్కన వాననీటి కాలువ కార్పొరేషన్‌వి. 2015 డిసెంబర్‌లో చెంబరంబాక్కం నుంచి 29,000 క్యూసెక్కులు వదిలిన రాత్రి ఈ ఊరు అడయారు నది ఒడ్డున వరదలో ఏం చూసిందో మీకు తెలుసు. 2018లో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే సంస్థ) నివేదిక దాన్ని మనుషులు చేసిన విపత్తు అంది. బయటి కన్ను పడితే ఏమవుతుందో చెప్పడానికి ఇదొక్కటి చాలు. ఆ కన్ను పడేసరికి రెండున్నరేళ్లు గడిచాయి, అది వేరే సంగతి.

కృష్ణా నీళ్లను మద్రాసుకు తెచ్చే తెలుగు గంగ మన గుండెకు దగ్గరది, దాని గురించి ఒక మాట. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకున్నారు. సరిహద్దు దగ్గర మద్రాసుకు ఏడాదికి 12 టీఎంసీలు: జూలై నుంచి అక్టోబర్ దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4. నీళ్లు మొదటిసారి సరిహద్దులోని ఊత్తుకోట జీరో పాయింట్ దాటింది 1996లో. ఆ తరవాత చాలా ఏళ్లు సగం కూడా రాలేదు. కండలేరు కాలువలో నీళ్లు దారిలోనే ఇంకిపోతుంటే, చివరికి పుట్టపర్తి సత్యసాయిబాబా పూనుకుని బాగు చేయించారు. రెండు ప్రభుత్వాల కాలువకు ఒక ఆశ్రమం మరమ్మతు చేయించింది! భక్తితో మనం చేతులెత్తి దండం పెట్టాం. ఆ పని ఎవరిదని మాత్రం అడగలేదు. ఒప్పందం ప్రభుత్వాల మధ్యది. కాబట్టి రాని నీళ్ల గురించి మెట్రో వాటర్‌ను నిలదీసినా అది చేతులెత్తేస్తుంది.

ఇక నాణ్యత. 2019 నవంబర్‌లో కేంద్రం నగరాల కుళాయి నీళ్లు పరీక్షించింది. చెన్నైలో తీసిన 10 నమూనాలూ తప్పాయి. మనకు తాగునీటి ప్రమాణం ఉంది, ఐఎస్ 10500. అయితే దాన్ని పాటించి తీరాలన్న చట్టబద్ధమైన నిర్బంధం నీటి బోర్డుల మీద లేదు. నీళ్లు పంపేదీ బోర్డే, పరీక్ష చేసేదీ ముఖ్యంగా బోర్డు ప్రయోగశాలే.

చాలా ఇళ్లకు మీటర్లు కూడా లేవు, నెలకింత అని కడుతున్నాం. ఎవరింటికి ఎన్ని నీళ్లు వెళ్లాయో కొలవకపోతే దారిలో పోయింది ఎంతో ఏ ఆడిటర్ తేల్చగలడు? మీటరు పెడితే బిల్లు పెరుగుతుందని మనలో సగం మంది భయపడుతున్నారు. ఆ భయం బోర్డుకు సౌకర్యంగా ఉంది.

చట్టం మారడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు చేయగలిగింది చెబుతాను. ప్రతి నెలా రెండో శనివారం ఉదయం 10 నుంచి 1 దాకా మెట్రో వాటర్ ఏరియా కార్యాలయాల్లో ప్రజల ఫిర్యాదులు వింటారు. అక్కడికి వెళ్లి మీ సంప్ నిండలేదని మాత్రమే చెప్పి రాకండి. మీ వీధిలో గత మూడు నెలల్లో తీసిన నీటి నమూనాల ఫలితాలు అడగండి. మీ ప్రాంతానికి పంపింది ఎంత, బిల్లు చేసింది ఎంత అని అడగండి. నోటితో జవాబు వస్తే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి రాతపూర్వకంగా తీసుకోండి. అర్జీ తమిళంలో రాయడం కష్టమనుకునేవారు సభ ముగిశాక నన్ను కలవండి. నమూనా ప్రతులు తెచ్చాను, వీధి పేరు నింపితే చాలు.