మొదటి బేస్ గిటార్ ఏది కొనాలి? రంగు తర్వాత, ముందు మీ చెయ్యి చూసుకోండి

హాయ్ అందరికీ. ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, జోక్ కాదు, బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ ఉత్తినే మీటితే 41 హెర్ట్జ్, మీ ఫోన్ స్పీకర్‌కి అంత కిందకి దిగే సీన్ లేదు, తర్వాత కామెంట్స్‌లో "అన్నా ఏం వినపడట్లేదు" అనొద్దు.

ఒళ్లో ఉన్నది యమహా టీఆర్‌బీఎక్స్ 174, పక్కన స్టాండ్ మీదున్న బుజ్జిది ఐబనెజ్ మైక్రో. రెండూ నాలుగు తీగలవే, రెండూ పాసివ్, అంటే బ్యాటరీ గోల లేదు. మరి తేడా ఎక్కడంటే నెక్‌లో, అంటే వేళ్లతో తీగలు నొక్కే ఆ పొడుగు కర్రలో. యమహా స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 34 అంగుళాలు, 1951లో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పటి కొలతే ఇది, ఇప్పటికీ అదే స్టాండర్డ్. మైక్రోది 28.6.

నంబర్లు వింటే ఏముందిలే అనిపిస్తుంది గానీ ఇదిగో చూడండి, నెక్ మీద అడ్డంగా ఉన్న ఈ లోహపు గీతలే ఫ్రెట్లు, ఒకటో ఫ్రెట్ మీద చూపుడువేలు, నాలుగో ఫ్రెట్ మీద చిటికెనవేలు. యమహాలో ఈ మధ్య దూరం 5 అంగుళాల పైమాటే, మైక్రోలో 4 చిల్లర. చిన్న చేతులవాళ్లకి, పదేళ్ల పిల్లలకి ఆ ముప్పావు అంగుళమే రోజూ వాయించడానికీ, మంచం కింద పడేయడానికీ తేడా. చిన్న స్కేల్ అంటే బొమ్మ గిటార్ అనుకోకండి, బీటిల్స్ బ్యాండ్ పాల్ మెకార్ట్‌నీ వాయించిన హోఫ్నర్ బేస్ కూడా షార్ట్ స్కేలే. కాకపోతే మైక్రోలో లావు తీగ కాస్త వదులుగా, మెత్తగా అనిపిస్తుంది, ఆ బిగువు కావాలంటే యమహానే.

నేనేం చేశానో తెలుసా, మొదటిసారే ఐదు తీగలది కొన్నా, చూడ్డానికి బాగుందని. నెక్ వెడల్పు, బరువు, అవసరంలేని తీగ ఊరికే మోగుతూ ఉండేది దాన్ని ఆపడమే పెద్ద పని, మూడు నెలలు కవర్లోంచి తియ్యలా. చర్చిలోనో ఆర్కెస్ట్రాలోనో వాయించాలన్నా నాలుగు తీగలతో మొదలెట్టండి, చాలు.

షాప్‌లో ఒక్క పని చేయండి. లావు తీగ మీద ఒకటో ఫ్రెట్ నుంచి పైదాకా ఒక్కొక్కటే నొక్కుతూ పోండి, ఎక్కడైనా జర్‌మంటే చెప్పి సెటప్, అంటే తీగల ఎత్తు, నెక్ సరిచేయించుకోండి. తర్వాత నెక్ అంచు వెంబడి అరచేయి జార్చండి, ఫ్రెట్ కొసలు గీరుకుంటే ఆ పీస్ వదిలేసి ఇంకోటి అడగండి, మొహమాటపడకండి. స్ట్రాప్ వేసుకుని ఐదు నిమిషాలు నిలబడండి కూడా, కొన్ని గిటార్లకి నెక్ చివర తల బరువెక్కువ, చెయ్యి తీస్తే నెక్ కిందికి వాలిపోతుంది.

డబ్బు సంగతి. 25 వేలున్నాయనుకోండి, మొత్తం గిటార్ మీదే పెట్టేయకండి. హెడ్‌ఫోన్ ఆంప్ (హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ పెంచి వినిపించేది), ట్యూనర్ (తీగల శ్రుతి చూపించేది), స్ట్రాప్, కేబుల్‌కి కొంత పక్కన పెట్టండి, ఆంప్ లేకుండా బేస్ వాయిస్తే చెక్కమీద కొట్టినట్టుంటుంది, ఎవరికైనా నాలుగు రోజుల్లో విసుగొస్తుంది. ఇంట్లో ఉన్న చిన్న గిటార్ ఆంప్‌కి తగిలించి వాల్యూమ్ దంచకండి, స్పీకర్ పోద్ది.

నా ఓటా? చెయ్యి సరిపోతే యమహా, లేకపోతే రెండో ఆలోచన లేకుండా మైక్రో. ఇప్పుడు ఒకే లైన్ రెండిట్లో వాయిస్తా, ఏది ముందో చెప్పను, కళ్లు మూసుకుని విని కింద రాయండి.